కొండ దిగే బండికి బ్రేకే బలం

తిరుమల కొండెక్కేటప్పుడు అందరి ధ్యాసా ఇంజిన్ మీదే. దిగేటప్పుడు భారమంతా మోసేది ముందు చక్రాల్లోని రెండు ఇనుప డిస్కులు, వాటిని పట్టే నాలుగు ప్యాడ్లు. పాత కారులో వాటిని ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, మార్చిన తర్వాత ఏం చేయాలి? ఘాట్ రోడ్డు కిందే బతికే ఊళ్లకు ఇది రోజువారీ అవసరం.

తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గరి పార్కింగులో కాసేపు నిలబడితే దక్షిణాది నంబరు ప్లేట్లన్నీ కనిపిస్తాయి. కొండ మీద స్వామిని చూసి, కిందికి దిగి పద్మావతమ్మను దర్శించుకుంటేనే యాత్ర ఫలిస్తుందని భక్తుల నమ్మకం. అందువల్ల ఇక్కడ ఆగే కార్లలో చాలావాటికి ఘాట్ రోడ్డు దిగే పరీక్ష అప్పుడే అయిపోయి ఉంటుంది. వాటిలో పదేళ్లు, పదిహేనేళ్లు దాటినవి తక్కువేం కాదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాను పెట్టుకుని వచ్చిన బళ్లవి. ఆగేటప్పుడు ఒకటి కీచుమంటుంది. ఇంకో దాని ముందు చక్రంలోంచి గరగరమని ఇనుము రాసుకునే చప్పుడు వస్తుంది. ‘పాత బండి కదా, అట్లనే అంటా ఉంటుంది’ అని సరిపెట్టుకుని యజమాని దర్శనానికి వెళ్లిపోతాడు.

ఆ చప్పుడుకు బండి వయసుతో సంబంధం లేదు. ఇరవై ఏళ్ల కారు చక్కగా ఆగవచ్చు, మూడేళ్ల కారు ఆగకపోనూవచ్చు. ఆగడానికి కావలసింది కొన్ని మిల్లీమీటర్ల మందం. అది మిగిలుందో లేదో చూసుకోవాల్సిన చోటు కొండ పైన కాదు, కింద.

కొండ చెప్పే లెక్క

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ దాన్ని ప్రారంభించారు. దాని రూపకల్పన వెనుక మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు వినిపిస్తుంది. యాత్రికులు పెరిగాక 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఇప్పుడు కొత్త దారిలో ఎక్కుతున్నాం, పాత దారిలో దిగుతున్నాం. అంటే బ్రేకులకు అసలు పని పడేది ఎనభై ఏళ్ల కిందట వేసిన ఆ మలుపుల దారిలోనే. ఆ కాలపు వాహనాలన్నీ డ్రమ్ము బ్రేకులవే. డిస్కు బ్రేకు మామూలు కార్లలోకి రావడానికి ఇంకా పదేళ్లకు పైగా పట్టింది.

తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. దూరం 18 కిలోమీటర్ల పైచిలుకు. ఐదుగురు మనుషులు, సామానుతో కలిపి ఓ చిన్న కారు బరువు 1,300 కిలోలు అనుకుందాం. అంత బరువు 700 మీటర్లు దిగితే దాదాపు 89 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. ముప్పై లీటర్ల మామూలు నీళ్లను మరగబెట్టడానికి ఆ వేడి సరిపోతుంది. కొంత గాలి నిరోధానికి పోతుంది, కొంత టైర్లు, ఇంజిన్ మింగుతాయి. మిగిలిందంతా బ్రేకులే భరించాలి.

దీన్నే ఇంకో రకంగా చూడొచ్చు. అదే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే పుట్టే వేడి సుమారు 1.8 లక్షల జౌళ్లు. ఇంజిన్ సాయం తీసుకోకుండా ఘాట్ దిగడమంటే ఆ వేగం నుంచి దాదాపు యాభైసార్లు వరుసగా ఆగినట్టు. తిరుపతి వీధుల్లో వారమంతా తిరిగినా బ్రేకులకు ఒక్క విడతలో ఇంత పని తగలదు. రేణిగుంట రోడ్డు సిగ్నళ్ల దగ్గర బాగానే ఆగిన కారు కొండ దిగేటప్పుడు తడబడేది ఇందుకే.

టీటీడీ ఘాట్ రోడ్లలో కనీస ప్రయాణ సమయం పెట్టింది కూడా ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అంతకన్నా ముందే చేరితే వేగంగా నడిపినట్టే. దిగేదానికి ఎక్కేదానికన్నా ఎక్కువ సమయం ఎందుకని చాలామంది విసుక్కుంటారు. పుట్టే వేడి మొత్తం అంతే అయినా, అది 20 నిమిషాల్లో పుట్టడానికీ 40 నిమిషాల్లో పుట్టడానికీ చాలా తేడా ఉంది. నెమ్మదిగా దిగితే డిస్కు మీద నుంచి గాలి ఆ వేడిని పట్టుకుపోయేందుకు వ్యవధి దొరుకుతుంది.

పెడల్ చేసే రెండు మోసాలు

మన పాత చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది. కాబట్టి ఆపే పనిలో మూడింట రెండొంతుల దాకా ముందు బ్రేకులదే. దిగుడులో బండి ముక్కు ఎలాగూ కిందికే ఉంటుంది, ముందు చక్రాల వాటా ఇంకా పెరుగుతుంది.

వేడెక్కిన బ్రేకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. మొదటిది ప్యాడ్ వల్ల. ప్యాడ్‌లోని పదార్థాలను కలిపి పట్టి ఉంచేది ఒక రకం రెజిన్. అది మితిమీరి కాలితే ఆవిరి వదులుతుంది. ప్యాడ్ పట్టు జారిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. ఘాట్ మలుపుల్లో వచ్చే కమురు వాసన ఇదే.

రెండోది బ్రేకు ఆయిల్ వల్ల. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. బుడగను నొక్కితే అది కుదించుకుంటుంది తప్ప ఒత్తిడిని చక్రం దాకా చేర్చదు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే ప్యాడ్లు, డిస్కులు మార్చించి పాత ఆయిల్‌ను అలాగే ఉంచితే సగం పనే అయినట్టు. కంపెనీ పుస్తకం ఏ గడువు చెబితే ఆ గడువుకు, సాధారణంగా రెండేళ్లకోసారి, ఆయిల్ మొత్తం మార్చాలి.

బండి ముందే చెబుతుంది

బ్రేకు చెప్పాపెట్టకుండా పోవడం అరుదు. నెలల ముందు నుంచే హెచ్చరిస్తూ వస్తుంది. ఏ చప్పుడుకు ఏ అర్థమో తెలిస్తే చాలు.

తొక్కినప్పుడు సన్నగా కీచుమంటే చాలా ప్యాడ్లలో ఉండే చిన్న ఇనుప నాలుక డిస్కును తాకుతోందని అర్థం. ప్యాడ్ చివరికి వచ్చిందని చెప్పడానికే తయారీదారు దాన్ని అక్కడ పెట్టాడు. ఈ దశలోనే మారిస్తే చాలాసార్లు ప్యాడ్లతో సరిపోతుంది.

గరగరమంటే ఆ దశ దాటిపోయింది. ప్యాడ్ పూర్తిగా అరిగి, వెనకున్న ఇనుప పలక నేరుగా డిస్కును కోస్తోంది. ఇక డిస్కుకూ డబ్బులు పెట్టాల్సిందే.

‘బ్రేకు తొక్కతా ఉంటే స్టీరింగ్ ఊగతా ఉంది’ అన్నది షెడ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు. డిస్కు మందం అంతటా ఒకే తీరున లేదని దానర్థం. బండి ఒక పక్కకు లాగితే, ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే క్యాలిపర్ ఒక వైపు సరిగా పని చేయడం లేదన్నమాట. అది జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, ప్యాడ్లను నెట్టే పిస్టన్ ఇరుక్కుని ఉండొచ్చు, పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ఉండొచ్చు. కొంత దూరం పోయి ఆపాక రెండు ముందు చక్రాల దగ్గరా చేయి దూరంగా పెట్టి చూడండి. ఒక దాని సెగ రెండోదానికన్నా బాగా ఎక్కువగా తగిలితే అక్కడ ప్యాడ్ డిస్కును వదలడం లేదు.

బ్రేకు ఆయిల్ మట్టం తగ్గడం కూడా ఒక హెచ్చరికే. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. ఎక్కడా కారకుండానే ట్యాంకులో మట్టం పడిపోతే ముందు ప్యాడ్లు చూడాలి. చూడకుండా పైనుంచి ఆయిల్ పోస్తే హెచ్చరికను చెరిపేసినట్టే. తర్వాత కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెడితే ఆ ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది. పెయింటును అది తినేస్తుంది.

కంటితో కాదు, కొలిచి చెప్పాలి

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. లోపలి ప్యాడ్ అంతకన్నా ముందే అరిగి ఉండొచ్చు. పిన్నులు బిగుసుకున్న క్యాలిపర్లలో జరిగేది సరిగ్గా ఇదే. చక్రం విప్పి రెండూ చూస్తేనే నిజం తెలుస్తుంది.

డిస్కుకు ఇంకా కచ్చితమైన కొలత ఉంది. దాదాపు ప్రతి డిస్కు మీద, అంచునో మధ్య టోపీ భాగంలోనో, దాని కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. కొత్త మందానికీ ఆ కనీస మందానికీ తేడా చాలా కార్లలో 2 మిల్లీమీటర్లే. అంత కొద్ది అరుగుదల కంటికి ఆనదు. అరిగిన డిస్కు అంచున గోడలా ఒక గట్టు మిగులుతుంది. మామూలు వెర్నియర్ ఆ గట్టును కూడా కలిపి కొలిచి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటరుతో గట్టుకు లోపల, చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి.

రెండు మిల్లీమీటర్లకు ఇంత పట్టింపు ఎందుకు? డిస్కు వేడిని దాచుకునే గిడ్డంగి. చిన్న కారులో ఒక్కో డిస్కు నాలుగైదు కిలోల ఇనుము. అందులో ఎంత అరిగిపోతే గిడ్డంగి అంత చిన్నదవుతుంది, అదే వేడికి డిస్కు ఇంకా తొందరగా కాగిపోతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ తేడా తెలియదు. పాత ఘాట్ దారిలో, సగం దిగాక తెలుస్తుంది.

అరిగిన డిస్కును లేత్ మీద పెట్టి నునుపు చేయించడం మనకు పాత అలవాటు. మందం మిగిలి ఉంటే అది తప్పు కాదు. నునుపు చేశాక కూడా కనీస మందానికి పైన ఉండాలి, ఇంకొంత అరుగుదలకు చోటుండాలి. పదేళ్ల కారుకు మొదటి డిస్కులే ఉంటే ఆ చోటు సాధారణంగా మిగలదు. అప్పుడు లేత్ కూలి వృథా, కొత్త జత కొనడమే లాభం.

షెడ్డులో జరగాల్సిన పని

ఇది అనుభవమున్న మెకానిక్‌కు గంటన్నర, రెండు గంటల పని. పనిముట్లుండి, చేయి తిరిగిన యజమాని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. మిగతావాళ్లు షెడ్డుకు ఇవ్వాలి, పక్కన నిలబడి చూడాలి. చూడాల్సినవేమిటో ముందే తెలిసుండాలి.

మొదటి నియమం: ప్యాడ్లయినా డిస్కులయినా జతగానే మార్చాలి. ఎడమ చక్రానికి కొత్తవి, కుడి చక్రానికి పాతవి ఉంటే తొక్కిన ప్రతిసారీ బండి పక్కకు పోతుంది. కొత్త డిస్కు మీద పాత ప్యాడ్లు, గాడులు పడిన పాత డిస్కు మీద కొత్త ప్యాడ్లు కూడా వద్దు.

బండి సమతల నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి. తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ పని చేయకూడదు. స్టాండు ఉండాలి. దానికి తోడు విప్పిన చక్రాన్ని బండి కిందికి తోసి ఉంచడం మంచి మెకానిక్ లక్షణం.

క్యాలిపర్ బోల్టు విప్పి దాన్ని పక్కకు తీశాక అది రబ్బరు గొట్టం మీద వేలాడకూడదు. ఒక తీగతో స్ప్రింగుకు కట్టాలి. క్యాలిపర్ పట్టుకునే బ్రాకెట్టు బోల్టులు రెండూ విప్పితే డిస్కు బయటికి వస్తుంది. పాత బళ్లలో అది చక్రం బిగించే హబ్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. తీసేయబోయే డిస్కే కాబట్టి సుత్తితో తట్టవచ్చు. కొన్నింటికి బోల్టు బిగించి బయటికి నెట్టుకునేలా మరలు చెక్కిన రంధ్రాలుంటాయి.

ఇక్కడే చాలాచోట్ల తొందరపడి వదిలేసే పని ఒకటుంది. డిస్కు కూర్చునే హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. అక్కడ మిగిలిన పల్చటి తుప్పు పొర కొత్త డిస్కును రవ్వంత ఏటవాలుగా కూర్చోబెడుతుంది. చాలా కార్లకు అంచు దగ్గర అనుమతించే ఊగుడు మిల్లీమీటరులో పదో వంతు లోపే. అది దాటితే ప్రతి చుట్టుకూ డిస్కు ఒక చోట ప్యాడ్‌ను తాకుతుంది, ఆ చోట ఎక్కువ అరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు స్టీరింగ్ మళ్లీ ఊగుతుంది. అప్పుడు ‘డిస్కు వంగింది, మాలు మంచిది కాదు’ అంటారు. చాలాసార్లు డిస్కు వంగదు. దాని కింద తుప్పు మిగిలి ఉంటుంది, లేదంటే చక్రం నట్లను ఎదురెదురుగా కాకుండా వరసగా, కొలత లేకుండా బిగించి ఉంటారు.

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి వస్తుంది. దాన్ని బ్రేకు క్లీనరుతో పూర్తిగా తుడవాలి. కిరోసిన్, డీజిల్ వాడితే జిడ్డు మిగులుతుంది, అది కొత్త ప్యాడ్‌లోకి ఇంకుతుంది. జిడ్డు పట్టిన ప్యాడ్‌ను ఇక పారేయడమే.

పిన్నులు బయటికి తీసి, తుడిచి, బ్రేకుల కోసమే తయారయ్యే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. మామూలు ఛాసిస్ గ్రీజు అక్కడి రబ్బరును ఉబ్బిస్తుంది, పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉందేమో చూడాలి. పిస్టన్‌ను సి-క్లాంపుతో నెమ్మదిగా, నిటారుగా వెనక్కి నెట్టాలి. అది కదలనంటే క్యాలిపర్ విప్పి సీలు మార్చాల్సిందే. స్క్రూడ్రైవరుతో పెకలించి కానిస్తే ఆ సమస్య ఘాట్ దాకా వెంట వస్తుంది.

ప్యాడ్ వెనక పల్చటి రేకులు, పక్క క్లిప్పులు చప్పుడు రాకుండా ఆపుతాయి. కొత్తవి సెట్టులో వచ్చి ఉంటే పాతవాటినే మళ్లీ వేయకూడదు. బిగింపులు కంపెనీ చెప్పిన కొలతకు టార్క్ రెంచితో చేయాలి. చివర బ్రేకు ఆయిల్ మార్చి, గాలి తీసి, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదేపదే తొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్‌ను చేరేదాకా మొదటి ఒకటి రెండు తొక్కులు ఖాళీగా పోతాయి. షెడ్డు ఎదురుగా రోడ్డు మీదికి రాగానే ఆ ఖాళీ తొక్కు ఎదురైతే ప్రమాదం.

ఇంకో మాట. పాత ప్యాడ్ల దుమ్మును ఎయిర్ పైపుతో ఊదించవద్దు. పాతకాలపు, నాసిరకపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సరుతో సహా ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. తడి గుడ్డతో తుడవడం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం కష్టమైన పనులేం కావు. షెడ్డులో పని నేర్చుకునే పిల్లల ఊపిరి మన ప్యాడ్ల కన్నా విలువైనది.

మంగంపేట రాయి, చెన్నై ప్యాడ్

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. ప్యాడ్‌కు తగిన పదార్థం దొరక్క అది దశాబ్దాలు పక్కనపడింది. 1953లో లె మాన్స్ కార్ల పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచాక ప్రపంచం అటు తిరిగింది. 1955లో సిట్రోయెన్ డీఎస్‌తో అది పెద్దఎత్తున తయారయ్యే కార్లలోకి వచ్చింది. మన దగ్గర పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే తిరుమల ఎక్కి దిగాయి. వాటి డ్రైవర్లు దిగుడులో గేరు మీద ఆధారపడటం పట్టుబట్టి నేర్చుకుంది అందుకే. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మన దేశపు కార్లలో 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు కొన్న చాలా మామూలు కార్లకు ఆ సాయం కూడా లేదు.

బ్రేకు ప్యాడ్‌లో పదికి పైగా రకాల ముడిసరుకులు కలుస్తాయి: రెజిన్, గ్రాఫైటు, లోహపు పోగులు, రబ్బరు పొడి. వాటిలో బరువును, నిలకడను ఇచ్చే పూరకంగా బెరైటీస్ అనే ఖనిజాన్ని విస్తారంగా వాడతారు. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి తిరుపతి నుంచి కడప వెళ్లే దారిలో, రైల్వే కోడూరు దాటాక మంగంపేటలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ దాన్ని తవ్వుతోంది. అక్కడి రాయిలో అధిక భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది. ఆస్బెస్టాస్ కథ కూడా మనకు దూరం కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దాన్ని తవ్వారు.

తయారీ కూడా దగ్గర్లోనే. తిరుపతికి నూటయాభై కిలోమీటర్ల లోపున్న చెన్నై దేశంలో బ్రేకుల తయారీకి పెద్ద కేంద్రం. టీవీఎస్ కుటుంబం బ్రిటన్‌కు చెందిన గిర్లింగ్‌తో కలిసి 1962లో మొదలుపెట్టిన బ్రేక్స్ ఇండియా అక్కడిదే. రానే సంస్థ 1964 నుంచి లైనింగులు చేస్తోంది. పేరున్న సరుకు దొరకడం ఈ ప్రాంతంలో కష్టం కాదు. జాగ్రత్త పడాల్సింది నకిలీలతో. పెట్టె మీద ముద్రించిన ధర, బ్యాచ్ నంబరు, హోలోగ్రామ్ చూడాలి. బిల్లు అడగాలి. ఒకే మోడల్ కారుకు తయారైన ఏడాదిని బట్టి ప్యాడ్ ఆకారం మారుతుంది. కాబట్టి దుకాణంలో మోడల్ పేరుతో పాటు ఛాసిస్ నంబరు చెబితే తిరిగి మార్చుకునే అవస్థ ఉండదు.

కొత్త ప్యాడ్‌తో నేరుగా కొండకు వద్దు

రేపు తిరుమల ప్రయాణమని ఈ సాయంత్రం ప్యాడ్లు మార్పించుకోవడం చాలామంది చేసే పని. అది మంచిది కాదు. కొత్త ప్యాడ్, కొత్త డిస్కు మొదట్లో అక్కడక్కడే తాకుతాయి. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పల్చటి పొరగా సమానంగా పరుచుకుంటేనే పూర్తి పట్టు వస్తుంది.

అందుకు తెల్లవారుజామున ట్రాఫిక్ లేని బైపాస్ మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, మధ్యస్థంగా తొక్కుతూ పదిసార్లు తగ్గించాలి. పూర్తిగా ఆపి పెడల్ మీదే కాలుంచకూడదు. అలా చేస్తే వేడెక్కిన ప్యాడ్ ఒకే చోట ముద్ర వేస్తుంది. మధ్య మధ్య కొంత దూరం బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెప్పి ఉంటే దాన్నే పాటించాలి. ఆ తర్వాత 200 నుంచి 300 కిలోమీటర్లు మామూలుగా తిరిగాక కొండెక్కడం మేలు. అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందే షెడ్డుకు వెళ్లాలి.

దిగేటప్పుడు కాలు కన్నా గేరు ముఖ్యం

ఎంత మంచి బ్రేకులున్నా వాటితోనే కొండ దిగాలనుకోవడం పొరపాటు. ఏ గేరులో ఎక్కామో దాదాపు ఆ గేరులోనే దిగాలి. ఎక్కువ భాగం రెండో గేరు సరిపోతుంది. అప్పుడు ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లలో కూడా ‘ఎల్’, ‘2’ లేదా మాన్యువల్ మోడ్ ఉంటుంది, దిగుడులో దాన్ని వాడాలి.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ లెక్క కార్బురేటర్ కాలానిది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనాన్నే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి కొంత ఇంధనం పోతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపి దిగడం అంతకన్నా ప్రమాదం. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కుల్లో అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. వదిలిన ఆ కొద్ది సెకన్లలోనే డిస్కు కొంత చల్లారుతుంది. కమురు వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా, కొండ వైపు సురక్షితమైన చోట ఆపి అరగంట ఆగాలి. నీళ్లు మాత్రం పోయకూడదు, కాలిన ఇనుము పగలవచ్చు. ఆగే చోటు దొరికేలోపే పెడల్ కిందికి పోతే కంగారు పడకుండా వేగంగా పలుమార్లు తొక్కాలి, కింది గేరులోకి దించాలి, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగాలి.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

• ముందు చక్రాలు రెండూ విప్పించి లోపలి, బయటి ప్యాడ్ల మందం చూడండి. 3 మిల్లీమీటర్ల లోపుంటే మార్చండి.
• డిస్కు మందాన్ని మైక్రోమీటరుతో కొలిపించి, దాని మీద చెక్కిన కనీస అంకెతో పోల్చండి.
• బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే ఇప్పుడే మార్పించండి.
• రబ్బరు గొట్టాల మీద పగుళ్లు, చెమ్మ ఉన్నాయేమో చూడండి.
• వెనక డ్రమ్ములు విప్పించి లైనర్లు, హ్యాండ్ బ్రేకు పట్టు చూడండి.
• తీసేసిన పాత ప్యాడ్లు, డిస్కులు అడిగి తీసుకోండి. నిజంగా మార్చారనడానికి అదే రుజువు.

సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి రవాణా శాఖ తనిఖీ ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారే. ప్యాడ్లు అరగడానికి ఐదేళ్లు అక్కర్లేదు. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న వాహనాన్ని రోడ్డెక్కించడం మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరం కూడా. అయినా చట్టం మన చక్రం విప్పి చూడదు, మనమే చూసుకోవాలి.

కొత్త బండి కొన్నప్పుడు అలిపిరి పాదాల మండపం దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కదిలిస్తాం. ఆ బండికి పదేళ్లు నిండాక, కొండకు బయల్దేరే ప్రతిసారీ ఆ చక్రాల లోపలికి ఒకసారి చూడటం కూడా ఆచారం కావాలి. పాతదైనంత మాత్రాన బండి తిరుమల దిగకూడదని కాదు. ప్యాడ్ 3 మిల్లీమీటర్ల లోపున్నా, డిస్కు కనీస మందం దాటి అరిగినా ఆ బండి, నిన్న మొన్న కొన్నదే అయినా, కొండ దిగకూడదు.